తిమ్మిరి చేప

పోయిన వేసవి సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. మా ఊరు భీమిలి దగ్గర, సముద్రం ఒడ్డున. నాన్న వేటకెళ్తాడు. ఆ రోజు పొద్దున్నే బోటు ఒడ్డుకు చేరాక అందరం కలిసి వల దులుపుతున్నాం. నాన్న ఒక్కో చేపనీ తీసి బుట్టలో వేస్తున్నాడు. ఉన్నట్టుండి గట్టిగా చెయ్యి విదిలించాడు. గుండ్రంగా, దిబ్బరొట్టెలా, పొట్టి తోకతో ఉన్న మట్టిరంగు చేప ఒకటి ఇసకలో పడింది.

"తిమ్మిరి కొట్టిందిరా. కరెంటు సేప" అన్నాడు, మోచెయ్యి దాకా రుద్దుకుంటూ.

నేను థర్డ్ ఇయర్ ట్రిపుల్ ఈ. పక్కన బాబాయిలు కూడా ఉన్నారు. ఊరుకోవచ్చు కదా! "కరెంటు కాదు నాన్నా. ఉప్పునీళ్ళలో ఉండే చేపకి కరెంటేంటి? ఉప్పునీళ్ళు మంచి కండక్టర్. ఏ కాస్త వోల్టేజ్ పుట్టినా వెంటనే షార్ట్ అయిపోతుంది. ఏదో ముల్లు గుచ్చుకునుంటుంది, విషం అయ్యుంటుంది" అన్నాను.

నాన్న చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎక్కడా గాటు లేదు, రక్తం చుక్క లేదు. "ఏమోరా, సదువుకున్నోడివి, నీకే తెలవాలి" అన్నాడు. కర్రతో ఆ చేపని నీళ్ళలోకి తోసేసి మళ్ళీ పనిలో పడ్డాడు. బాబాయిలు ఏమీ అనలేదు. నేను గెలిచాననుకున్నాను.

సెమిస్టర్ మొదలయ్యాక ఒక రోజు గేట్ కోసం నెట్‌వర్క్స్ తిరగేస్తుంటే మాక్సిమమ్ పవర్ ట్రాన్స్‌ఫర్ థీరమ్ దగ్గర ఆగిపోయాను. మనందరికీ నోటికొచ్చిన థీరమే. లోడ్ రెసిస్టెన్స్, సోర్స్ లోపలి రెసిస్టెన్స్ సమానమైనప్పుడు లోడ్‌కి గరిష్ఠ పవర్ అందుతుంది. అప్పుడు బుర్రలో ఒక ప్రశ్న మెదిలింది. లోడ్ ఉప్పునీళ్ళే అయితే? రెసిస్టెన్స్ బాగా తక్కువున్న లోడ్‌కి తగ్గట్టు సోర్స్‌నే తయారు చేసుకుంటే? అంతే, ఆ రాత్రి గేట్ పుస్తకం మూసేశాను. తర్వాత రెండు వారాలు చేపల గురించే చదివాను. చదివిన కొద్దీ నాన్నకి ఎంత తప్పు చెప్పానో అర్థమైంది. ఆ చదివిందంతా ఇక్కడ మీతో పంచుకుంటున్నాను.

ఎదురెదురుగా పెట్టిన టార్చి సెల్స్

కరెంటు పుట్టించే చేపల్లో బాగా పేరున్నది దక్షిణ అమెరికాలోని ఎలక్ట్రిక్ ఈల్. అమెజాన్, ఒరినోకో నదీ ప్రాంతాల మంచినీళ్ళలో ఉంటుంది. పేరులో ఈల్ ఉన్నా, చూడ్డానికి మలుగుపాములా ఉన్నా, నిజానికి అది మలుగుపాముల జాతి కాదు. మన జెల్లలకి దూరపు చుట్టం. దాదాపు రెండు మీటర్లకి పైగా పెరుగుతుంది. అంత ఒంట్లోనూ గుండె, పొట్ట, కాలేయం అన్నీ తల దగ్గరే ఇరుక్కుని ఉంటాయి. మిగతా శరీరంలో నూటికి 80 వంతులు కరెంటు పుట్టించే అవయవాలే.

ఆ అవయవాల్లో ఉండేవి ఎలక్ట్రోసైట్లు అనే కణాలు. ఇవేవో కొత్త రకం కణాలు కావు. పుట్టుకతో కండరం కావాల్సినవే, దారి మార్చుకున్నాయి. ముడుచుకునే పని వదిలేసి కరెంటు పని మాత్రం ఉంచుకున్నాయి. మీ కండరంలోనూ నా కండరంలోనూ ఈ క్షణంలో అదే కరెంటు ఉంది.

అదెలాగో చూద్దాం. కణం పొరలో పంపులుంటాయి. అవి సోడియం అయాన్లని బయటికి తోస్తూ, పొటాషియం అయాన్లని లోపలికి లాగుతూ ఉంటాయి. దాంతో పాటు, పొటాషియం కొంచెం కొంచెంగా బయటికి జారిపోతుంటుంది. ఫలితంగా కణం లోపలి వైపు బయటికంటే సుమారు 85 మిల్లీవోల్ట్‌లు తక్కువలో ఉంటుంది. అంటే పొర అంతా ఒక చిన్న బ్యాటరీ అన్నమాట.

ఎలక్ట్రోసైట్ ఒక పలచటి బిళ్ళలా ఉంటుంది. ముందు ఒక ముఖం, వెనక ఒక ముఖం. రెండు ముఖాల దగ్గరా అదే 85 మిల్లీవోల్ట్‌లు. కానీ అవి ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. టార్చిలైటులో రెండు సెల్స్‌ని ముక్కూ ముక్కూ తగిలేట్టు పెట్టామనుకోండి. రెండు సెల్స్‌లోనూ చార్జ్ ఉంది, కానీ బల్బు వెలగదు. విశ్రాంతిలో ఉన్న ఎలక్ట్రోసైట్ పరిస్థితి సరిగ్గా అంతే. అందుకే ఈల్ ఊరికే ఉన్నప్పుడు పెద్ద వోల్టేజ్ ఏమీ ఉండదు.

ఇప్పుడు మెదడు నుంచి నరం ద్వారా ఆజ్ఞ వస్తుంది. ఆ నరం బిళ్ళకి ఒక ముఖం మీదే అతుక్కుని ఉంటుంది, ఈల్‌లో అయితే వెనక ముఖం మీద. నరం కొస అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. దాంతో ఆ ముఖం మీద సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. బయట కాచుక్కూర్చున్న సోడియం ఒక్కసారిగా లోపలికి దూసుకొస్తుంది. ఆ ముఖం దగ్గర వోల్టేజ్ తలకిందులై సుమారు ప్లస్ 65 మిల్లీవోల్ట్‌లకి చేరుతుంది. రెండో ముఖం మాత్రం కదలదు. టార్చిలో ఒక సెల్‌ని తిప్పి సరిగ్గా పెట్టినట్టయింది. ఇప్పుడు 85, 65 కలుస్తాయి. ఒక్క కణానికి 150 మిల్లీవోల్ట్‌లు!

అందుకే దీన్ని బ్యాటరీ అనడం కంటే, స్విచ్ ఉన్న బ్యాటరీ అనడం సరైన మాట. ఆ స్విచ్ తెరుచుకుని ఉండేది కూడా సుమారు రెండు మిల్లీసెకన్లే. తర్వాత ద్వారాలు మూసుకుంటాయి. పంపులు మళ్ళీ పాత స్థితికి తెస్తాయి. దానికయ్యే ఖర్చు ఆ చేప తిన్న తిండి నుంచే.

ఆరు వేల సెల్స్, ఒకే క్షణం

150 మిల్లీవోల్ట్‌లతో ఏం చేస్తాం? ఎల్ఈడీ కూడా వెలగదు. ఈల్ వాటిని సిరీస్‌లో పెట్టింది. తల నుంచి తోక దాకా వరసగా 5000 నుంచి 6000 బిళ్ళలు. కాగితం మీద గుణిస్తే 750 నుంచి 900 వోల్ట్‌లు రావాలి. లోపలి రెసిస్టెన్స్ వల్ల కొంత పోతుంది. చాలాకాలం పుస్తకాల్లో 600, 650 వోల్ట్‌లు అని ఉండేది. 2019లో శాస్త్రవేత్తలు ఎలక్ట్రిక్ ఈల్ అనేది ఒకటి కాదు, మూడు వేర్వేరు జాతులని తేల్చారు. అందులో ఒక జాతి దగ్గర 860 వోల్ట్‌లు నమోదైంది. దానికి వోల్టా పేరే పెట్టారు. మన ఇళ్ళలో వచ్చేది 230.

ఇక్కడ ఈసీఈ వాళ్ళకి నచ్చే సంగతి ఒకటుంది. ఆరు వేల సెల్స్ సిరీస్‌లో ఉంటే చాలదు, అన్నీ ఒకే క్షణంలో ఆన్ కావాలి. స్విచ్ తెరుచుకునేది రెండు మిల్లీసెకన్లేనని చెప్పుకున్నాం కదా. తల దగ్గరి కణానికి ఆజ్ఞ ముందు చేరి, తోక దగ్గరి కణానికి ఆలస్యంగా చేరితే, మొదటిది ఆరిపోయాక చివరిది వెలుగుతుంది. అప్పుడు వోల్టేజ్‌లు కలవవు. దీనికి ఈల్ చేసే పని ఏంటంటే, దగ్గరి కణాలకి వెళ్ళే సిగ్నల్‌ని కావాలని ఆలస్యం చేస్తుంది, దూరం వెళ్ళేదాన్ని వేగంగా పంపుతుంది. హైస్పీడ్ పీసీబీల్లో అన్ని లైన్లలోనూ సిగ్నల్ ఒకేసారి చేరాలని దగ్గరి ట్రేస్‌ని వంకర టింకరగా తిప్పి పొడవు పెంచుతాం చూడండి, అదే ఆలోచన.

600 వోల్ట్‌లు, దాదాపు ఒక ఆంపియర్ అనుకుంటే ఆ క్షణానికి 600 వాట్లు. కానీ రెండు మిల్లీసెకన్లే కాబట్టి ఎనర్జీ ఒక జౌల్ చిల్లర. అందుకే ఒక్క దెబ్బకి మనిషి చనిపోవడం అరుదు. నీళ్ళలో ఉండగా వరసగా దెబ్బలు తగిలితే మాత్రం ఒళ్ళు స్వాధీనం తప్పి మునిగిపోయే ప్రమాదం ఉంది.

నేను ఎక్కడ తప్పానంటే

ఇప్పుడు నాన్న చేప దగ్గరికి వద్దాం. అది ఎలక్ట్రిక్ రే అనే కుటుంబానికి చెందింది. ఈ కుటుంబంలో చిన్నచిన్న జాతులు కొన్ని మన బంగాళాఖాతంలోనే ఉన్నాయి. పెద్ద జాతుల్ని టార్పెడో అంటారు. మధ్యధరా, అట్లాంటిక్ సముద్రాల్లో ఉంటాయి. టార్పెడో మామూలుగా ఇచ్చేది 50 వోల్ట్‌ల లోపే. ఈల్‌తో పోలిస్తే ఏమూలకి? కానీ కరెంటు మాత్రం దాని దగ్గరే చాలా ఎక్కువ. ఎందుకిలా?

ఒక చిన్న లెక్క వేద్దాం. మన దగ్గర 12 సెల్స్ ఉన్నాయి. ఒక్కోటి 1.5 వోల్ట్‌లు, లోపలి రెసిస్టెన్స్ ఒక ఓమ్. అన్నీ సిరీస్‌లో పెడితే 18 వోల్ట్‌లు, లోపలి రెసిస్టెన్స్ 12 ఓమ్‌లు. అన్నీ ప్యారలల్‌లో పెడితే 1.5 వోల్ట్‌లే, కానీ లోపలి రెసిస్టెన్స్ ఓమ్‌లో 12వ వంతు.

ముందు 12 ఓమ్‌ల లోడ్ పెడదాం. సిరీస్ కట్ట దానికి 6.75 వాట్లు ఇస్తుంది. ప్యారలల్ కట్ట 0.2 వాట్లు కూడా ఇవ్వలేదు. ఇప్పుడు లోడ్ మార్చి, ఓమ్‌లో 12వ వంతు రెసిస్టెన్స్ పెడదాం. దాదాపు షార్ట్ సర్క్యూటే. ఈసారి సిరీస్ కట్ట 0.2 వాట్లకి పడిపోతుంది. ప్యారలల్ కట్ట సరిగ్గా 6.75 వాట్లు ఇస్తుంది. అవే సెల్స్, అంతే పవర్. కట్టిన తీరే తేడా. నమ్మకపోతే కాలిక్యులేటర్ తీయండి.

సముద్రపు నీటి వాహకత మీటరుకు సుమారు 5 సీమెన్స్. అమెజాన్ ప్రాంతపు నదుల నీళ్ళ వాహకత దానికంటే వందల రెట్లు తక్కువ. కాబట్టి నదిలో ఉన్న ఈల్‌కి లోడ్ రెసిస్టెన్స్ ఎక్కువ. అది పొడవాటి సిరీస్ కట్టింది. సముద్రంలో ఉన్న రే చేపకి లోడ్ రెసిస్టెన్స్ తక్కువ. అది పొట్టి స్తంభాలు కట్టి, అలాంటి వందల స్తంభాల్ని పక్కపక్కనే ప్యారలల్‌లో పేర్చింది. ఆ రెండు చేపల ఒంటి ఆకారాలు చూసినా ఈ సంగతి తెలిసిపోతుంది. ఒకటి తాడులా పొడుగు, ఇంకోటి పళ్ళెంలా వెడల్పు.

నేను ఒడ్డున నిలబడి "షార్ట్ అయిపోతుంది" అన్నాను కదా. ఉప్పునీళ్ళు షార్ట్‌కి దగ్గరేనన్నది నిజమే. ఆ షార్ట్‌కి తగ్గ సోర్స్ ఆ చేప దగ్గర ఉందన్నదే నాకు తట్టలేదు.

ఇంకొకటి. ఈల్‌లో సెల్స్ వరస తల నుంచి తోకకి ఉంటుంది. రే చేపలో స్తంభాలు నిలువుగా, పొట్ట నుంచి వీపు వైపుకి ఉంటాయి. టార్పెడోలో వీపు ప్లస్, పొట్ట మైనస్. నాన్న వలలోంచి చేపని ఎలా తీశాడో గుర్తు తెచ్చుకున్నాను. బొటనవేలు పైన, మిగతా నాలుగు వేళ్ళూ కింద. పలచటి చేపని ఎవరైనా అలాగే పట్టుకుంటారు. అంటే రెండు టెర్మినల్స్ మధ్యా సరిగ్గా తన చేతినే కనెక్ట్ చేశాడు. గాటు లేకపోవడం విషం కాదనడానికి సాక్ష్యం. అప్పుడే నా కళ్ళ ముందే ఉంది. నేను చూడలేదు.

వేట ఎలా చేస్తుంది

ఈల్ ఊరికే షాక్ కొట్టి చేపల్ని చంపేస్తుందని నేను అనుకునేవాణ్ణి. అమెరికా శాస్త్రవేత్త కెనెత్ కటానియా 2014లో చూపించింది వేరే. ఈల్ వేటకి దిగినప్పుడు సెకనుకి దాదాపు 400 చొప్పున హైవోల్టేజ్ పల్స్‌లు వదులుతుంది. ఆ పల్స్‌లు ఎర చేప కండరాల్ని నేరుగా తాకవు. కండరాలకి ఆజ్ఞలు మోసే నరాల్ని ఉసిగొల్పుతాయి. దాంతో ఎర చేప కండరాలన్నీ తనకి తెలియకుండానే బిగుసుకుపోతాయి. కదల్లేదు. పోలీసుల టేజర్ పనిచేసేది కూడా ఇదే పద్ధతిలో.

ఎర ఎక్కడో దాక్కుని ఉంటే ఇంకో ఉపాయం ఉంది. ఈల్ రెండో మూడో పల్స్‌లు వెంటవెంటనే వదులుతుంది. దాక్కున్న చేప ఒళ్ళు ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. ఆ కదలికతో నీళ్ళు కదులుతాయి. ఈల్‌కి చోటు తెలిసిపోతుంది. దాక్కున్నవాడి చేతే 'ఇక్కడున్నా' అనిపించడం అన్నమాట.

ఈల్ గురించి ఇంకో కథ చెప్పాలి. జర్మన్ యాత్రికుడు హంబోల్ట్ 1800 మార్చిలో ఇప్పటి వెనెజువెలాలోని కలబోసో దగ్గర ఈల్‌లని పట్టించాడు. అక్కడివాళ్ళు గుర్రాల్ని చెరువులోకి తోలారట. ఈల్‌లు పైకొచ్చి గుర్రాల మీద దాడి చేశాయని ఆయన రాశాడు. తర్వాత చాలామంది దాన్ని కోతల కింద కొట్టిపడేశారు. 2016లో కటానియా ప్రయోగంలో ఈల్‌లు నీళ్ళలోంచి పైకి లేచి, గడ్డం ఆనించి మరీ కరెంటు కొట్టాయి. అలా ఆనిస్తే కరెంటు నీళ్ళలో చెదిరిపోకుండా ఎక్కువ భాగం నేరుగా ఎదుటివాడి ఒంట్లోకే వెళ్తుంది. కళ్ళారా చూసినవాడి మాట నిలబడ్డానికి రెండు వందల ఏళ్ళు పైన పట్టింది. ఇది చదివినప్పుడు నాకు మళ్ళీ నాన్న గుర్తొచ్చాడు.

కొట్టడానికి కాదు, చూడ్డానికి

ఇంతవరకూ గట్టిగా కొట్టే చేపల సంగతి. కానీ కరెంటు చేపల్లో ఎక్కువ రకాలు అసలు కొట్టవు. వాటి వోల్టేజ్ మన చేతికి తెలియనంత తక్కువ. డార్విన్ 1859లోనే వీటి గురించి తల పట్టుకున్నాడు. పరిణామం మెల్లమెల్లగా జరిగితే, మొదట్లో పుట్టిన చిన్న వోల్టేజ్ ఎందుకు పనికొచ్చి ఉంటుంది? కొట్టడానికి చాలనిది నిలబడాల్సిన అవసరం ఏముంది?

దీనికి జవాబు దొరకడానికి తొంభై ఏళ్ళకి పైగా పట్టింది. కేంబ్రిడ్జ్‌లో హాన్స్ లిస్‌మాన్ అనే శాస్త్రవేత్త జిమ్నార్కస్ అనే ఆఫ్రికా చేపని గమనిస్తుండేవాడు. అది వెనక్కి ఈదుతూ కూడా దేనికీ గుద్దుకోదు. తోక చివర కళ్ళు లేవు కదా! నీళ్ళలో ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే ఆ చేప సెకనుకి దాదాపు 300 సార్లు, ఆపకుండా, చిన్న చిన్న సిగ్నల్స్ పంపుతూనే ఉంది. 1951లో ఈ సంగతి ప్రచురించాడు. 1958లో మాకిన్ అనే సహచరుడితో కలిసి అసలు ప్రయోగం బయటపెట్టాడు.

ఆ ప్రయోగం మనం ల్యాబ్‌లో చేసుకోగలిగినంత సింపుల్. నీళ్ళు ఇంకే మట్టి కుండలు రెండు. బయటికి చూస్తే రెండూ ఒకటే. ఒకదాంట్లో తొట్టిలోని నీళ్ళే పోశారు. ఇంకోదాంట్లో కరెంటు పోనివ్వని గాజు కడ్డీ పెట్టారు. మేత పెట్టి అలవాటు చేస్తే చేప రెండింటికీ తేడా పట్టేసింది. కంటికి కనబడదు, వాసన తేడా లేదు. తేడా అల్లా కుండ లోపలి రెసిస్టెన్స్‌లోనే.

అది పనిచేసేది ఇలా. చేప తన చుట్టూ ఒక ఎలక్ట్రిక్ ఫీల్డ్ పరుచుకుంటుంది. నీళ్ళకంటే బాగా కరెంటు మోసే వస్తువు దగ్గరికొస్తే ఫీల్డ్ గీతలు అటు గుమిగూడతాయి. ఆ వస్తువుకి ఎదురుగా ఉన్న చర్మం మీద కరెంటు పెరుగుతుంది. రాయిలాంటిది వస్తే గీతలు పక్కకి తప్పుకుంటాయి, అక్కడ తగ్గుతుంది. అంటే చర్మం మీద వెలుగు మచ్చలు, నీడ మచ్చలు పడతాయన్నమాట. చర్మంలో వేలకొద్దీ సెన్సర్లు ఉంటాయి. అవి ఆ మచ్చల్ని మెదడుకి పంపుతాయి. చేప తన ఒంటి మొత్తంతో చూస్తుంది. జిమ్నార్కస్ ఒళ్ళు వంచకుండా కర్రలా నిటారుగా ఉంచి, వీపు మీది పొడవాటి రెక్కతోనే ఈదుతుంది. ఒళ్ళు వంచితే ఫీల్డ్ ఆకారం మారి లెక్క తప్పుతుంది మరి.

ఇంకో విశేషం. ప్రాణం ఉన్నవాటికి కణాల పొరల వల్ల కెపాసిటెన్స్ ఉంటుంది. రాయికి అలాంటిది ఉండదు. కొన్ని చేపలు ఈ తేడా కూడా పట్టేస్తాయి. రెసిస్టెన్స్‌నీ కెపాసిటెన్స్‌నీ విడివిడిగా కొలుస్తాయి. మనం ఎల్‌సీఆర్ మీటర్‌తో చేసే పని అవి బురదనీళ్ళలో, కటిక చీకట్లో చేస్తాయి. దీనికి అవి కట్టే మూల్యం కూడా తక్కువేం కాదు. ఏనుగుముక్కు చేప అని ఆఫ్రికాలో ఒకటుంది. ఒళ్ళంతా వాడే ఆక్సిజన్‌లో దాదాపు 60 శాతం దాని మెదడుకే పోతుంది. మన మెదడు వాటా 20 శాతం.

ఇలాంటి చేపలు రెండు దగ్గరగా వస్తే? ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి అడ్డం. ఐగెన్‌మానియా అనే దక్షిణ అమెరికా చేపలో 1963లో ఇద్దరు జపాన్ శాస్త్రవేత్తలు చూసిందేంటంటే, ఒక చేప 400 హెర్ట్జ్ దగ్గర ఉండగా 404 హెర్ట్జ్ సిగ్నల్ వినిపిస్తే, అది తన ఫ్రీక్వెన్సీని కిందికి దించుకుంటుంది. 396 వినిపిస్తే పైకి జరుగుతుంది. మన హాస్టల్లో రూముకో హాట్‌స్పాట్ ఆన్ చేసుకుని ఎవరికీ నెట్ రాక కొట్టుకుంటాం చూడండి, ఆ సమస్యని అవి ఎప్పుడో పరిష్కరించుకున్నాయి.

సో, డార్విన్ ప్రశ్నకి జవాబు ఇదీ. చిన్న వోల్టేజ్ కొట్టడానికి పనికిరాదు గానీ, చూడ్డానికి పనికొస్తుంది. కరెంటు పుట్టించే శక్తి చేపల్లో కనీసం ఆరుసార్లు వేర్వేరుగా పుట్టిందని ఇప్పుడు తెలుసు. ప్రతిసారీ దాదాపు అదే కండరం నుంచి, అదే ఉపాయంతో.

ఒక మాట ప్రయాణం

ఇది సాహిత్య క్లబ్ పత్రిక కాబట్టి మాట గురించి కూడా ఒక మాట. టార్పెడో అన్న పేరు లాటిన్‌లో మొద్దుబారడం అనే అర్థం నుంచి వచ్చింది. గ్రీకులు ఈ చేపని నార్కే అనేవాళ్ళు. తిమ్మిరి అనే అర్థం. నార్కోటిక్ అన్న మాట అక్కణ్ణించి వచ్చిందే. మనవాళ్ళు తిమ్మిరి అన్నారు. మూడు భాషలవాళ్ళు, మూడు తీరాల మీద, చేతికి తగిలినదాన్నే పేరుగా పెట్టారు.

1780ల్లో విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఉండేవాడు. రక్తపింజరికి ఇంగ్లిష్‌లో ఉన్న పేరు ఆయనదే. విశాఖ తీరంలో దొరికిన రెండు వందల చేపల బొమ్మలతో ఆయన పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయింది. చాలా చేపలకి ఇక్కడివాళ్ళు చెప్పిన పేర్లే రాసుకున్నాడు. ఈ చేపకి ఆయన రాసుకున్న పేరు 'టెమెరీ'. అది చదవగానే కాసేపు అలాగే కూర్చుండిపోయాను. రెండు వందల ఏళ్ళ కిందట మా తీరంలో ఎవరో ఒక జాలరి చెప్పిన మాట అది. నాన్న నాకు చెప్పిన మాట కూడా అదే. రస్సెల్ ఆ మాటని రాసుకున్నాడు. నేను కొట్టిపారేశాను.

ఈ చేపలకి మనం పడ్డ బాకీ కూడా కొంత ఉంది. 1800 మార్చి 20న వోల్టా తన కొత్త పరికరం గురించి లండన్‌కి ఉత్తరం రాశాడు. వెండి, జింకు బిళ్ళల మధ్య తడి అట్టముక్కలు పెట్టి పేర్చిన స్తంభం అది. ప్రపంచంలో మొదటి బ్యాటరీ. దాన్ని ఆయన కృత్రిమ విద్యుదవయవం అన్నాడు. నమూనా టార్పెడో స్తంభాలే.

ఇంకోటి వైద్యంలో. మన కండరంలో నరం చెప్పిన మాట అందుకునే రిసెప్టర్లు చాలా తక్కువ మోతాదులో ఉంటాయి. కరెంటు చేపల అవయవంలో అవి కిక్కిరిసి ఉంటాయి. 1970లో ఈల్ నుంచి ఆ రిసెప్టర్‌ని గుర్తుపట్టడానికి కట్లపాము జాతి విషంలోని బంగారోటాక్సిన్ అనే పదార్థం వాడారు. ఆ జాతికి శాస్త్రీయనామం బంగారస్. ఆ పేరు వెనక ఉన్నది కూడా రస్సెల్ రాసుకున్న తెలుగు మాటే, 'బంగారు పాము'! 1973లో ఈల్ నుంచి తీసిన రిసెప్టర్‌ని కుందేళ్ళకి ఎక్కిస్తే వాటి కండరాలు నీరసపడిపోయాయి. కనురెప్పలు వాలిపోయి, నమలడానికి కూడా ఓపిక లేకుండా చేసే మయస్తీనియా గ్రావిస్ అనే జబ్బు, మన రోగనిరోధక వ్యవస్థే ఆ రిసెప్టర్ల మీద దాడి చేయడం వల్ల వస్తుందని గట్టిగా తెలిసింది ఆ ప్రయోగంతోనే.

ఇదంతా చదివాక నాన్నకి ఫోన్ చేశాను. "నాన్నా, ఆ రోజు నిన్ను కొట్టింది కరెంటే. నేనే తప్పు చెప్పాను" అన్నాను. సిరీస్, ప్యారలల్ అంతా చెప్పబోయాను. పూర్తిగా వినలేదు.

"నాకెందుకు తెలవదురా, నా సెయ్యికి తగిలింది కదా" అన్నాడు. కాసేపాగి, "మళ్ళీ వల్లో పడితే తొట్లో నీళ్ళు పోసి ఉంచుతాను. నువ్వొచ్చి మీటరెట్టి సూడు" అన్నాడు.

మల్టీమీటర్ పనికిరాదు. కొన్ని మిల్లీసెకన్ల పల్స్‌ని అది పట్టుకోలేదు. ఆసిలోస్కోప్ కావాలి. ల్యాబ్‌లోది బయటికి ఇవ్వరు. సంక్రాంతికి ఊరెళ్తున్నాను. మీలో ఎవరి దగ్గరైనా చేత్తో పట్టుకెళ్ళే చిన్న డిజిటల్ స్కోప్ ఉంటే, నాలుగు రోజులు ఇవ్వండి. జాగ్రత్తగా తెచ్చిస్తాను. వేవ్‌ఫామ్ దొరికితే వచ్చే సంచికలో వేస్తాను. దొరకగానే చేపని మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తాం.